చేతితో కుట్టుకునే సూదీదారాల మడతసంచి

మీ అమ్మాయి నర్సింగు చదువుకోసం హాస్టలుకు వెళుతోందనీ, ఆమెకోసం కొన్న ప్లాస్టిక్ డబ్బీలోని సూది రెండోరోజే వంగిపోయి, దారం కాస్త లాగగానే తెగిపోయిందనీ, ఇంట్లో మిషను లేకుండా చేతితోనే ఒక చిన్న కుట్టుసంచి తయారుచేసుకోవచ్చా, అందులో ఏమేమి ఉంచాలి అనీ అడిగారు. తప్పకుండా చేసుకోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా జాకెట్లు, చుడీదార్లు కుడుతూ, వచ్చినవాళ్లకు ఆ పని నేర్పుతూ ఉన్న అనుభవంతో ముందుగా ఒక మాట చెబుతాను: ఆ సంచిని మీరు కుట్టి ఇవ్వకండి, మీ అమ్మాయి చేతనే కుట్టించండి. నేను ఇప్పుడు చెప్పబోయే సంచిలో నాలుగు రకాల కుట్లు వస్తాయి. హాస్టలులో బట్ట చిరిగినా, గుండీ ఊడినా, పంజాబీ డ్రెస్సు అంచు జారినా ఆమెకు అవసరమయ్యేవి దాదాపుగా ఆ నాలుగు కుట్లే కాబట్టి, సంచి పూర్తయ్యేసరికి దాన్ని వాడడం కూడా వచ్చేసి ఉంటుంది. పని రాని చేతిలో ఎంత మంచి సామాను పెట్టినా అది పెట్టె అడుగున పడి ఉంటుంది.

ఈ మడతసంచి రూపం కొత్తది కాదు. బ్రిటిషు సైనికులు సూదులు, దారాలు, గుండీలు, మేజోళ్లకు మాసిక వేసుకునే ఊలుదారం చుట్టి పెట్టుకునే బట్టచుట్టను ‘హౌస్‌వైఫ్’ అని పిలిచేవారు. మన పెద్దవాళ్ల బొడ్లో ఉండే వక్కాకు సంచిని చూసినవారికి ఈ ఆలోచన ఇంకా దగ్గరగా తోస్తుంది. ఆకుకు ఒక అర, వక్కకు ఒక అర, సున్నపు కాయకు ఒక అర ఉండి, చీకట్లో కూడా చెయ్యి పెడితే కావలసిన వస్తువే చేతికి తగిలేది. కుట్టుసంచికి కూడా అదే గుణం ఉండాలి. అన్నీ ఒకే అరలో వేసిన సంచిలో సూది కోసం వెతకడం వేలికి గాయం చేసుకోవడమే.

బట్ట విషయం మొదట చూద్దాం. పైబట్టకు మంగళగిరి నేత ముక్క గాని, పెడన అద్దకపు కలంకారీ ముక్క గాని, ఇంట్లో మిగిలిన గట్టి కాటన్ లంగా బట్ట గాని సరిపోతుంది. జీన్సు బట్ట గట్టిగా ఉంటుంది కదా అని చాలామంది దాన్ని తీస్తారు కాని, నాలుగు మడతలు కలిసే మూలల దగ్గర చేతిసూది దిగదు, నేర్చుకునే పిల్లలు అక్కడే విసిగి వదిలేస్తారు. కొత్త బట్ట అయితే ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరిన తరువాతే కత్తిరించండి. కాటన్ ముడుచుకుంటుంది, ముదురు ఎరుపు, నీలం అద్దకాలు రంగు వదులుతాయి, నేతబట్టకు పెట్టిన గంజి ఉంటే సూది ఆగిఆగి నడవడమే కాక తరువాత పురుగు కూడా పడుతుంది. లోపలి బట్ట తప్పనిసరిగా లేతరంగులో ఉండాలి. నల్లని లైనింగు మీద సూది పడితే కనబడదు.

కొలతలు అంగుళాల్లో చెబుతాను. పైబట్ట ఒకటి, లోపలి బట్ట ఒకటి, మధ్యలో మెత్తదనానికి పాత పంచె ముక్క ఒకటి, ఈ మూడూ 7 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉండాలి. నాలుగువైపులా అర అంగుళం మార్జిన్ పోగా పూర్తయిన సంచి 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు వస్తుంది, దాన్ని మూడు మడతలు వేస్తే అరచేతిలో పట్టే 6 అంగుళాలు, 4 అంగుళాల పొట్లం అవుతుంది. జేబులకు 7 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు గల ముక్క ఒకటి, కట్టుకోవడానికి 24 అంగుళాల నాడా ఒకటి, సూదుల కోసం ఊలు బట్ట ముక్కలు రెండు కావాలి. గుండీ గాని, అంటుకునే వెల్‌క్రో పట్టీ గాని పెట్టవద్దని నా సలహా. సంచిలో సామాను పెరిగినా తగ్గినా నాడా సర్దుకుంటుంది, గుండీ సర్దుకోదు. పైగా వెల్‌క్రో ముళ్లకు దారాలన్నీ చిక్కుకుంటాయి.

ఊలు ముక్క గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఈ సంచికి ప్రాణం అక్కడే ఉంది. నేను పని మొదలుపెట్టిన కొత్తలో దూది కూరిన చిన్న దిండుకు సూదులు గుచ్చి ఉంచేదాన్ని. ఒక వానాకాలంలో పదిరోజులు దాన్ని ముట్టుకోలేదు. తరువాత ఒక పెళ్లివారి తెల్లని పట్టుపంచెకు అంచు కుట్టడానికి అందులోని సూదే తీసి, వెలుతురులో చూడకుండా దించాను. నాలుగో కుట్టు దగ్గర బట్ట మీద ఆవగింజంత ఎర్రమరక కనబడింది. దూది తేమను పీల్చుకుని సూది నడుమున తుప్పు పట్టించింది, పైకి కనబడే కొన, బెజ్జం మాత్రం మెరుస్తూనే ఉన్నాయి. ఆ మరక పూర్తిగా పోలేదు, నేను మరో పంచె కొనిచ్చాను. అప్పటినుంచి సూదులను ఊలులో తప్ప మరిదేనిలోనూ ఉంచలేదు. గొర్రెబొచ్చుకు సహజంగా ఉండే జిడ్డు సూదికి తేమ అంటకుండా కొంత కాపాడుతుంది. చిరిగిన ఊలు స్వెట్టరుగాని పాత శాలువగాని ఉంటే ఒక ముక్కను వేడినీళ్లలో సబ్బుతో బాగా పిసికి ఉతికితే అది కుంచించుకుని, పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని దట్టంగా మారుతుంది, కత్తిరించినా అంచు ఊడదు. అక్రిలిక్ స్వెట్టరు ఇలా మారదు. దుకాణాల్లో బొమ్మలకోసం అమ్మే రంగురంగుల ఫెల్టు కూడా ఎక్కువగా కృత్రిమమైనదే. మీ అమ్మాయి వేసుకునేది తెల్లని యూనిఫారం కాబట్టి ఈ జాగ్రత్త ఆమెకు మరీ అవసరం.

ఇక కుట్టడం. సూదికి ఎక్కించే దారం మూరెడు కంటే ఎక్కువ ఉండకూడదు. బారెడు దారం పెడితే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందని అనిపిస్తుంది కాని, అది ప్రతి పది కుట్లకూ చిక్కుపడి, బట్టలోంచి అన్నిసార్లు రాసుకుని వెళ్లి కొస దగ్గర పీచు లేస్తుంది. రీలు నుంచి ముందుగా బయటకు వచ్చిన కొసనే బెజ్జంలోకి ఎక్కించి, తరువాత కత్తిరించిన కొసకు ముడి వేస్తే మెలిక తక్కువ పడుతుంది. దారం కొసను ఏటవాలుగా కత్తిరించి, బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడే కనబడేలా పట్టుకుని, సూదినే దారం మీదికి దించండి. ఎక్కకపోతే సూదిని అటుతిప్పి ప్రయత్నించండి, చాలా సూదుల బెజ్జం ఒకవైపు కంటే మరోవైపు నున్నగా ఉంటుంది.

మొదట పైబట్ట ఉల్టా వైపున పంచె ముక్కను పరిచి, రెండింటినీ కలిపి వేలెడు వెడల్పు ఎడంతో నిలువు వరసలుగా రన్నింగ్ కుట్టు వేయాలి. మన ఇళ్లలో బొంతలు కుట్టే కుట్టు ఇదే. మొదటి రెండు వరసలు వంకరగా వస్తాయి, వాటిని విప్పించకండి. ఆరో వరసకు చెయ్యి కుదురుకోవడం ఆ అమ్మాయికి తన కళ్లకే కనబడాలి.

తరువాత జేబుల ముక్కను మధ్యకు మడిచి 7 అంగుళాలు, 4 అంగుళాలు చేసి, మడత పైకి వచ్చేలా లోపలి బట్ట కింది అంచుకు ఆనించి టాకాలు, అంటే కదలకుండా పట్టి ఉంచే పెద్దపెద్ద తాత్కాలిక కుట్లు, వేయండి. ఎడమ మార్జిన్ వదిలి, అక్కడినుంచి ఒకటిన్నర అంగుళం దగ్గర ఒక గీత, మరో 2 అంగుళాల దగ్గర ఇంకో గీత సుద్దతో గీసి, వాటి మీద వెనక కుట్టు, అంటే బ్యాక్ స్టిచ్ వేయాలి. మిగిలిన రెండున్నర అంగుళాల అర కత్తెరకు. వెనక కుట్టులో సూది ఒక కుట్టు వెనక్కి దిగి రెండు కుట్ల దూరం ముందుకు లేస్తుంది, అందుకే చేతికుట్లలో మిషను కుట్టుకు దీటైనది ఇదే. అంగుళానికి ఏడెనిమిది కుట్లు పడితే చాలు. జేబు నోరు దగ్గర మొదలుపెట్టేటప్పుడు ఒకేచోట మూడు కుట్లు వేయండి, కత్తెర తీసినప్పుడల్లా బలం పడేది అక్కడే.

ఊలు ముక్కలు రెండింటినీ 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల పొడవుకు కత్తిరించి, చుట్టూ బ్లాంకెట్ కుట్టు వేయండి. ప్రతి కుట్టులోనూ సూది కొన కింద దారాన్ని ఉంచి లాగితే అంచు మీద దారం ఆనకట్టలా నిలుస్తుంది. ఇదే కుట్టును దగ్గరదగ్గరగా వేసుకుంటూ పోతే జాకెట్టు హుక్కుకు ఎదురుగా పెట్టే దారపు కాజా అవుతుంది కాబట్టి దీన్ని శ్రద్ధగా నేర్పండి. ఆ రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, పై అంచు మాత్రమే లోపలి బట్ట మధ్యభాగానికి కుట్టేస్తే పుస్తకం పేజీల్లా తెరుచుకుంటాయి.

చివరగా పైబట్ట, లోపలి బట్ట మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, జేబులకు అవతలి కొస మధ్యలో నాడాను రెండుగా మడిచి, మడత అంచుకు ఆనేలా, తోకలు లోపలికి ఉండేలా రెండు బట్టల మధ్య పెట్టి, అర అంగుళం మార్జినుతో చుట్టూ వెనక కుట్టు వేయండి. నాడా తోకలు పక్కకుట్టులో పడకుండా పిన్నీసుతో మధ్యలో పట్టి ఉంచాలి. పొడుగువైపు ఒకచోట 3 అంగుళాలు కుట్టకుండా వదిలి, మూలలను కుట్టుకు తగలకుండా ఏటవాలుగా కత్తిరించి, మార్జిన్‌లో మందం తగ్గేలా అక్కడి పంచె ముక్కను మాత్రం కత్తిరించేసి, ఆ ఖాళీలోంచి సంచిని తిరగేయండి. మూలలను పెన్సిలు మొద్దు కొసతో నెట్టండి, కత్తెర కొసతో నెడితే కుట్టు తెగుతుంది. మిగిలిన ఖాళీని హెమ్మింగ్‌తో మూసేయడం నాలుగో కుట్టు. జేబులవైపు మొదట మధ్యలోకి మడిస్తే జేబుల నోళ్లు మడతకు నొక్కుకుని మూసుకుంటాయి, సామాను జారదు. దానిమీదికి రెండో కొస మడిచి నాడా రెండువైపులకు తిప్పి ముడి వేయాలి.

సంచిలో పెట్టేవాటిలో సూదులకే మొదటి స్థానం, వాటి మీద పది రూపాయలు మిగుల్చుకోవద్దు. చేతిసూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మిషను సూదుల లెక్క దీనికి తలకిందులు కాబట్టి దుకాణంలో పొరపాటు పడుతుంటారు. 7 నంబరువి రెండు, 9 నంబరువి రెండు, పెద్ద బెజ్జం ఉన్న ఎంబ్రాయిడరీ సూది ఒకటి, బ్యాగు పట్టీలకూ దుప్పట్లకూ సన్నపాటి దబ్బనం ఒకటి, ఆరు చాలు. దారం కోసం రీళ్లు మోయనక్కరలేదు. పాత శుభలేఖ అట్టను 2 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ముక్కలుగా కత్తిరించి, అంచుల్లో చిన్న గాట్లు పెట్టి ఒక్కో రంగు ఐదారు మీటర్లు చుట్టండి. మీ అమ్మాయికి తెలుపు రెండు అట్టలు, నలుపు, నేవీ బ్లూ, బూడిదరంగు, మెరూన్ ఒక్కొక్కటి పెట్టండి. సరిపోయే రంగు దొరకనప్పుడు బూడిదరంగు చాలా బట్టల మీద కలిసిపోతుంది.

దారంలో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పాలిస్టరు దారం గట్టిది, గుండీలకు, ప్యాంట్లకు, బ్యాగులకు అది మంచిది. ఉతికి ఉతికి నలిగిన కాటన్ కుర్తాకు, నేతచీరకు మాత్రం కాటన్ దారమే వాడాలి, బట్ట కంటే దారం గట్టిగా ఉంటే లాగుడు పడినప్పుడు దారం తెగదు, బట్టే తెగుతుంది. తెగిన దారాన్ని మళ్లీ కుట్టుకోవచ్చు, తెగిన బట్టకు మాసికే గతి. కాటన్ దారాన్ని ఒకసారి తేనెమైనపు బిళ్ల మీదుగా లాగితే చిక్కు పడకుండా నడుస్తుంది.

మిగిలినవి తక్కువే: మూడున్నర అంగుళాల చిన్న కత్తెర, దాని కొనకు పాత పెన్ను మూత, నాలుగు పిన్నీసులు, యూనిఫారం గుండీలు రెండు, జాకెట్టు హుక్కులు ఆరు, దబ్బనం నెట్టడానికి వేలితొడుగు. టేపు మోయకుండా లోపలి బట్ట పొడుగు అంచు మీద అంగుళానికి ఒకటి చొప్పున రంగుదారంతో గుర్తుకుట్లు వేసుకుంటే 12 అంగుళాల కొలబద్ద సంచిలోనే ఉంటుంది. విదేశాలకు వెళ్లే పిల్లలకు ఇదే సంచి ఇస్తే, కత్తెరను చేతిసంచిలో కాక చెక్-ఇన్ సామానులో పెట్టమని చెప్పండి.

వాడకంలో ఎక్కువమంది తప్పు చేసేది గుండీ దగ్గర. బట్టకు అంటుకుపోయేలా బిగించి కుడతారు, దాంతో గుండీ పెట్టుకున్నప్పుడు పై పట్టీకి చోటు చాలక బట్ట ముడతపడుతుంది, నెలలోపు మళ్లీ ఊడుతుంది. గుండీ మీద రెండు బెజ్జాల మధ్య ఒక అగ్గిపుల్లను అడ్డంగా పెట్టి, దాని మీదుగా ఐదారుసార్లు కుట్టి, పుల్లను తీసేసి, గుండీని పైకి లాగి, కింద ఏర్పడిన దారాల చుట్టూ మూడు చుట్లు తిప్పి, బట్ట వెనక ముడి వేయాలి. నాలుగు బెజ్జాల గుండీ అయితే చొక్కాకున్న మిగతా గుండీలకు దారం అడ్డంగా ఉందా, ఇంటూ గుర్తులా ఉందా చూసి అలాగే కుట్టండి.

పక్కకుట్టు విడిపోతే విడిపోయిన చోటునుంచి కాక, దానికి అర అంగుళం ముందు గట్టిగా ఉన్న కుట్టు మీద మొదలుపెట్టి, అవతల అర అంగుళం దాటించి ఆపాలి. కింది అంచు జారినప్పుడు పైవైపు బట్టలో ఒక్క పోగును మాత్రమే సూది కొనతో తాకించి, మడతలో లోతుగా పట్టుకుని, దారాన్ని వదులుగా లాగాలి. బిగించి లాగిన హెమ్మింగు ఇస్త్రీ చేశాక గుంటలుగా కనబడుతుంది. హుక్కును కొందరు రెండు కళ్ల దగ్గర మాత్రమే కుట్టి వదిలేస్తారు, దాని మెడను కూడా, అంటే వంపు మొదలయ్యే చోటును, రెండు కుట్లతో బట్టకు పట్టి ఉంచాలి, లేకపోతే అది పైకి లేచి చీరపోగులను లాగుతుంది.

ఒక పెళ్లిలో, జీలకర్రబెల్లానికి పిలుపు వచ్చిన సమయానికి, పెళ్లికూతురి జాకెట్టు రెండో హుక్కు ఊడి కింద పడింది. పిన్నీసు పెట్టేద్దామని పక్కనున్నవాళ్లు తొందరపెట్టారు. పట్టు జాకెట్టుకు పిన్నీసు పెట్టి, పైన నగల బరువు వేస్తే సాయంత్రానికి చీలిక పడుతుందని నాకు తెలుసు. సంచి నా చేతిలోనే ఉంది. ఆ అమ్మాయిని నిలబెట్టి, జాకెట్టు ముందుపట్టీ కింద నా ఎడమ అరచేతిని పెట్టి, సూది ఆమె ఒంటికి కాక నా వేలికి తగిలేలా చూసుకుంటూ, కళ్ల దగ్గర మూడేసి, మెడ దగ్గర రెండు కుట్లు వేశాను. రెండు నిమిషాలు పట్టింది. ఒంటిమీద ఉన్న బట్టకు కుట్టవలసివస్తే అరచెయ్యి గాని, మడిచిన అట్టముక్క గాని లోపల పెట్టకుండా ఎప్పుడూ సూది దించవద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

నెలకొకసారి సూదులన్నీ తీసి వెలుతురులో కొన నుంచి బెజ్జం దాకా చూడాలి. చిన్న తుప్పుచుక్క కనబడినా దాన్ని పనికి వాడకూడదు, అలాంటి సూదిని బయట పారేయకుండా టేపులో చుట్టి చెత్తలో వేయాలి. కోస్తా ఊళ్లలో, ముఖ్యంగా వానాకాలంలో, సంచిని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూయకండి, అప్పుడప్పుడు విప్పి గాలికి ఉంచండి. చెమటచేతులు ఉన్నవాళ్లు కుట్టడం అయిపోగానే సూదిని పొడిబట్టతో ఒకసారి తుడిచి ఊలులో గుచ్చితే చాలాకాలం వస్తుంది. హాస్టలుకు బయలుదేరే ముందురోజు, ఊలు పేజీలో ఒక సూదికి తెల్లదారం, మరొక సూదికి నేవీ బ్లూ దారం మూరెడేసి ఎక్కించి, ముడివేసి, దారాన్ని సూది చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి ఉంచమనండి. తెల్లవారుజామున డ్యూటీకి పరుగెడుతుండగా గుండీ ఊడితే, గదిలో మిగతావాళ్లను లేపకుండా, లైటు వేయకుండా, కిటికీ వెలుతురులోనే కుట్టుకుని వెళ్లిపోవచ్చు.